సేనాని ఇంటి జ్ఞానతండ్రి

అవ్రామ్‌ది సావా నదికి అవతలి ఒడ్డు. న్యాయశాస్త్రం చదివి, అక్కడే కొలువులో కుదురుకోవడం మానేసి, తురుష్కుల మీద తిరగబడ్డ సెర్బుల కోసం నది దాటి వచ్చాడు. వాళ్లకు చట్టాలు రాసిచ్చి, వాల్యెవో పట్నంలో న్యాయాధిపతి అయ్యాడు. ఏం లాభం? అతని నల్లకోటు చూసి నవ్వినవాళ్లే గానీ, ఆ చట్టాలను పట్టించుకున్నవాడు లేడు.

ఆ ఏడు స్తమేనా అనే విధవరాలు ఫిర్యాదు తెచ్చింది. యుద్ధంలో చనిపోయిన భర్త నీటిమరను తిరుగుబాటు సేనాని వుయిత్సా ఆక్రమించాడు. ఆమె ఇల్లు గడిచేది ఆ మరతోనే.

విచారణకు ముందురోజు సేనాని ఆల్‌బుఖారా పళ్ల సారా పట్టుకుని అవ్రామ్ గుమ్మంలో దిగాడు.

"అయ్యగారూ, ఇవాళ మా బుడ్డోడికి బాప్తిస్మం. జ్ఞానతండ్రిగా మీరే ఎత్తుకోవాలి."

అవ్రామ్‌కు ఎత్తు అర్థమైంది. సెర్బుల్లో బిడ్డను ఎత్తుకున్నవాడు ఆ ఇంటికి కుమ్, ఆ ఇంటివాళ్లు అతనికి కుమ్‌లు. తోడబుట్టినవాళ్లైనా కుమ్ తర్వాతే. అడిగాక కాదంటే పాపం, ఒప్పుకున్నాక ఎదురు తిరిగితే మహాపాపం. ఎంత గడుసువాడండీ ఈ సేనాని!

సరేనన్నాడు. గుడిలో పిల్లవాడు అవ్రామ్ కోటు తడిపేసి, వేలు పట్టుకుని వదల్లేదు. పెళ్లాం పిల్లలు లేని మనిషి, ఆ పరాయి ఊళ్లో మొదటిసారి ఇంటికొచ్చినట్టు సంబరపడ్డాడు. ఆ రాత్రి భోజనాల్లో అందరూ "కుమా" అని పిలుస్తుంటే, రేపటితో ఇదంతా పోతుందని దిగులేసింది.

తెల్లారి కచేరీలో తీర్పు చెప్పాడు.

"మర స్తమేనాది."

సేనాని పిస్తోలు తీశాడు. "రాత్రి నా ఇంట్లో తిని, పొద్దున్నే నా నోట్లో మట్టి కొడతావా?"

"కాల్చు కుమా," అన్నాడు అవ్రామ్. "కుమ్‌ని చంపినవాడికి ఈ దేశంలో గుక్కెడు నీళ్లెవరు పోస్తారో చూద్దాం."

తను పన్నిన వల తనకే చుట్టుకుందని సేనానికి తెలిసొచ్చింది. పళ్లు నూరుతూ మర తాళం స్తమేనా ముందు పడేశాడు.

"నా తెలివి తగలెయ్య! ఊళ్లో ఇంతమందుండగా నిన్నే ఏరికోరి తెచ్చుకున్నా," అన్నాడు. గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు. "ఆదివారం భోజనానికి రా. నీ కొడుకును చూసుకోవా? రాకపోయావో, అప్పుడు నిజంగానే కాల్చేస్తా."