సెన్సరు ముక్కుకి తెల్ల పూత

మొన్నామధ్య ఆదివారం మా కారు షెడ్డులో ఏం జరిగిందో వినండి. దొంగను పట్టిస్తానని ఇద్దరు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాను. పాఠం సగంలో ఉండగానే దొంగ దొరికింది, చేతిలో సాక్ష్యంతో సహా! ఇక ఆ పాఠాన్ని ఎలా ముగించాలో నాకే తెలియలేదు.

మాది అనకాపల్లి. హైస్కూల్లో సైన్సు టీచరుగా చేసి రిటైరయ్యాను. మనవరాలు కాలేజీకి వచ్చిందంటే నా వయసు మీరే ఊహించుకోండి. మావారిది బెల్లం వ్యాపారం, పిచ్చి మాత్రం కార్లది. ఉన్న ఒక్క కారుకీ రకరకాల ఆపరేషన్లు చేయించారు. ఎయిర్ ఫిల్టరు ఉండే పెట్టె పీకించేసి, ఐస్‌క్రీం కోనులాంటి ఫిల్టరు బయటికి కనబడేలా పెట్టించారు. లావుపాటి సైలెన్సరు వేయించారు. స్టార్ట్ చేస్తే వీధి చివర బెల్లం దిమ్మలు దింపుతున్న కళాసీలు "షావుకారు బయల్దేరేడ్రా" అనుకునేవారు.

ఆయన పోయాక కారు నాకు మిగిలింది. నాకేమో డ్రైవింగు రాదు. స్టార్ట్ చేయడం, ఆపడం, ఈ రెండే వచ్చు. రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసుతో షెడ్డులోకి వెళ్ళి, బానెట్ ఎత్తి, ఇంజన్ ఆన్ చేసి కాసేపు ఉంచుతాను. రేకుల షెడ్డు, గోడలు లేవు, పొగ భయం లేదు. బ్యాటరీ పాడవకుండా అని అందరికీ చెప్తాను. అసలు సంగతి వేరు. మా ఇంట్లో కుక్కరు విజిలు తర్వాత గట్టిగా మాట్లాడేది అదొక్కటే.

అలాంటిది, ఒకరోజు డాష్‌బోర్డు మీద ఇంజన్ బొమ్మతో పసుప్పచ్చ లైటు వెలిగింది. అప్పల్రాజుకి ఫోన్ చేశాను. మెకానిక్కు. ఒకప్పుడు నా క్లాసులో వెనక బెంచీ. వచ్చి, స్కానరు తగిలించి, "ఆక్సిజన్ సెన్సరు పోయిందండి టీచరుగారూ" అన్నాడు.

ఇక్కడ కొంచెం ఆగి అందరూ శ్రద్ధగా వినాలి. పులుసు మరుగుతుంటే గరిటెతో తీసి ఉప్పు చూస్తాం కదా? ఆక్సిజన్ సెన్సరు పని అదే. పొగగొట్టంలో కూర్చుని, పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసి, "పెట్రోలు ఎక్కువైంది", "తక్కువైంది" అని కారులోని కంప్యూటరుకి చాడీలు చెప్తుంది. దాని నాలుక చచ్చిందా, ఇక వంట ఎవరిష్టం వాళ్ళది! కారు కుదుపులు, పెట్రోలు కంపు.

కొత్త సెన్సరు వేశాడు. "ఓపాలి ట్రయలేసొద్దాం, కూకోండి" అన్నాడు. రాంబిల్లి రోడ్డులో కొంత దూరం పోయి వచ్చాం. కిటికీ దించి కూర్చున్నాను. ఎన్నాళ్ళకో చెరుకు తోటల గాలి.

కొన్ని వారాలకి మళ్ళీ లైటు!

"ఏటండీ, మళ్ళీనా?" అప్పల్రాజు తల గోక్కున్నాడు. మళ్ళీ సెన్సరు, మళ్ళీ ట్రయలు. ఆ తర్వాత మళ్ళీ లైటు. మావారున్నప్పుడు ఒక్కసారి కూడా వెలగని లైటు, నా చేతికొచ్చాక కార్తీక దీపమైపోయింది.

మా మరిది రమణ బజారులోనే కొట్టు నడుపుతున్నాడు. సంగతి వాడి చెవిన పడింది. "నడపని బండెందుకు వదినా నీకు? సీడికాడ ఊళ్ళో కుర్రోడొకడు అడుగుతున్నాడు. ఇంకోపాలి లైటెలిగిందంటే ఇచ్చేద్దాం" అన్నాడు. వాడన్నదాంట్లో తప్పేం లేదు. తల ఊపాను. ఆ మర్నాడు ఇంజన్ ఆపాక షెడ్డు ఎంత నిశ్శబ్దంగా ఉందో గమనించాను. రోజూ ఇలాగే ఉంటుందన్నమాట, అనుకున్నాను.

ఊరుకుంటే టీచర్ని ఎలా అవుతాను? పరిశోధన మొదలుపెట్టాను. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మిగతావి కదపకూడదు. పిల్లలకి నేను నేర్పిందే. పెట్రోలు బంకు మార్పించాను. సెన్సరు కంపెనీ మార్పించాను. మావారు పోయాక సర్వీసింగులో అప్పల్రాజు సైలెన్సరు అతుక్కి గమ్ము పూశాడు; అక్కడ గాలి లీకేమోనని మళ్ళీ పూయించాను. అయినా లైటు వెలిగింది! ఈసారి రమణకి చెప్పకుండా ఇంకో కొత్త సెన్సరు వేయించాను. చచ్చిపోయిన సెన్సర్లన్నీ తెమ్మని అప్పల్రాజుని అడిగాను.

వాటి మూతులు చూస్తే తెల్లగా పూత! నల్లగా ఉంటే మసి అనుకోవచ్చు. తెలుపేమిటి? సున్నమా అని బాత్‌రూం యాసిడ్ చుక్క వేశాను. సున్నమైతే బుస్సున పొంగాలి. పొంగలేదు, కరగలేదు. యాసిడ్‌కి లొంగని తెల్ల పొడి... సిలికా! అంటే మెత్తటి ఇసుక! ఎక్కడో సిలికోన్ ఉన్న పదార్థం కాలి, ఇసుకై, సెన్సరు ముక్కు మూసేస్తోంది. మరి సిలికోన్ దేంట్లో ఉంటుంది? అప్పల్రాజు పూసిన గమ్ములో! దొరికాడు దొంగ. బండి తప్పు లేదని తేలిపోతుంది, ఇక అమ్మక్కర్లేదు.

ఆదివారం ఇద్దర్నీ పిలిచాను. కుర్చీలేశాను. టీ ఇచ్చాను. బానెట్ ఎత్తి ఇంజన్ ఆన్ చేసి, దాని చప్పుడుకి పైచేయిగా క్లాసు గొంతు తీశాను.

"అప్పల్రాజూ, లే. నువ్వు పూసిన గమ్ము ట్యూబు మీద ఏం రాసుందో గట్టిగా చదువు."

పాపం, నిజంగానే లేచి నిలబడ్డాడు. జేబులోంచి ట్యూబు తీసి కూడబలుక్కుని చదివాడు. "సెన్సరుకి సేఫ్ అని రాసుందండి."

"సరిగ్గా చూడు."

"పెద్దచ్చరాలతోనే రాసుందండి."

నాకు కాస్త తడబాటు వచ్చింది. తడబాటు వస్తే చేతులు అలవాటైన పని వెతుక్కుంటాయి కదా. పక్కనున్న పాలిష్ స్ప్రే డబ్బా తీసి, మాట్లాడుతూనే ఇంజన్లోని రబ్బరు పైపుల మీద బుస్సు బుస్సుమని కొట్టాను. ఐస్‌క్రీం కోను మీద కూడా. రోజూ చేసే పనే. మావారు అలా మెరిపించి ఉంచేవారు. ఆయన కొన్న డబ్బాలు అటక నిండా ఉన్నాయి. "అయితే సిలికోన్ ఇంకెక్కడి నుంచి వస్తోందో ఆలోచించాలి. ఫిల్టరు గాలి పీలుస్తుంది. బయట ఏది ఉంటే అది లోపలికి..."

"వదినా," అన్నాడు రమణ, టీ కప్పు కింద పెట్టి. "ఆ నీ సేతిలో డబ్బా మీదేటి రాసుంది?"

కళ్ళజోడు సరిచేసుకున్నాను. సిలికోన్ స్ప్రే. అవి కూడా పెద్దక్షరాలే.

డబ్బాని వీపు వెనక్కి దాచుకున్నాను.

"అన్నయ్య ఇంజనాపి, గుడ్డ మీద కొట్టుకుని తుడిసీవోడు కదా" అన్నాడు రమణ. "నువ్వు దాని ముక్కులోనే కొట్టేత్తన్నావేటి!"

నిజమే. ఇంజన్ ఆపేసి తుడిస్తే చప్పుడు ఉండదని, నేను ఆపేదాన్ని కాదు. అన్నీ ఒక్కొక్కటిగా మార్చి చూశాను, నన్ను తప్ప! కూర్చోమని చెప్పకపోవడంతో అప్పల్రాజు ఇంకా నిలబడే ఉన్నాడు. "కూర్చో నాయనా. ఇప్పుడు నిలబడాల్సింది నేను" అన్నాను. అంతే, రమణకి నవ్వు తన్నుకొచ్చి టీ పొలమారింది.

"మరి చీడికాడ అబ్బాయి?" అని మెల్లిగా అడిగాను.

"ఆడికేటి సెప్పమంటావు? బండికి ఏ రోగమూ లేదు, మా వదిన ముద్దే దానికి రోగం అనా? ఉండనీ." వెళ్తూ వెళ్తూ అటక మీది డబ్బాలన్నీ సంచీలో వేసుకుపోయాడు.

అప్పటి నుంచి లైటు వెలగలేదు. ఆఖరి సెన్సరు నిక్షేపంగా ఉంది. పొద్దున్న ఇంజన్ ఆన్ చేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటున్నాను. లైటు లేదు కాబట్టి అప్పల్రాజు రావడం లేదు. ట్రయలూ లేదు. రాంబిల్లి రోడ్డూ లేదు. ఇంత బాగా రిపేరవుతుందనుకోలేదు సుమండీ!

నిన్న ఫోన్ తీశాను. "అప్పల్రాజూ, ఆ లైటు ఒకసారి మిణుక్కుమన్నట్టుంది" అన్నాను.

వచ్చాడు. స్కానరు తగిలించాడు. స్కానరు వంక చూశాడు, నా వంక చూశాడు. వంటింటి కిటికీలోంచి, స్టవ్ మీద అప్పటికే మరుగుతున్న టీ వంక కూడా చూశాడు.

"ఏటీ లేదండి" అన్నాడు. ఆపైన స్కానరు చుట్టబెట్టి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. "అయినా మంచిది, ఓపాలి ట్రయలేసొద్దాం. టీ తాగేసి కూకోండి."

కడుపునొప్పని చెప్పి బడి ఎగ్గొట్టిన పిల్లల్ని ముఖం చూసి పట్టేసేదాన్ని నేను. ఈ వయసులో కారు చేత కడుపునొప్పని చెప్పించి, కిటికీ దించి కూర్చున్నాను.