దానమ్మ ఆరాధనకు వచ్చిన ఆదివారం

దయ్యాలు లేవని నాలుగూళ్ళలో మైకు పెట్టి మరీ చెప్పినవాణ్ణి నేను. చనిపోయినవాళ్ళు తిరిగి రారని బైబిల్ ట్రైనింగులో నేర్చుకున్నాను, నమ్మాను కూడా. ఇది చదివి మీరు నవ్వుకున్నా నేనేమీ అనుకోను.

మాది నరసన్నపేట దగ్గర పల్లె. చదువు అవగానే నన్ను సువార్తికుడిగా సాలూరు పైన కొండల్లో ఒక చిన్న ఊరికి పంపారు. డిసెంబరులో అక్కడ చలి ఎముకలు కొరికేస్తుంది. పొద్దెక్కినా మంచు విడవదు. మా సంఘంలో ఉన్న కాసిని కుటుంబాలూ వరి కోతలకని మా వైపే దిగిపోయాయి. వాళ్ళు మా ఊరి పొలాల్లో, నేను వాళ్ళ ఊరి చలిలో! మాట్లాడే మనిషి లేక, వండుకున్నది తినబుద్ధి కాక, కొన్ని సాయంత్రాలు ఊరికే ఏడుపొచ్చేది.

మిగిలింది దానమ్మ ఒక్కతే. డెబ్బై దాటిన మనిషి. మా సంఘాల్లో ఆడవాళ్ళు అన్నం వండే ప్రతిసారీ ఒక గుప్పెడు బియ్యం పక్కన తీసి, ఆదివారం గుడికి తెస్తారు. నాలాంటి సేవకులకు అదే తిండి. దానమ్మ ఒక్క వారం కూడా మానలేదు. నా ప్రసంగం మొదలవగానే కునుకు తీసేది, అయినా వచ్చేది.

ఆమెకు ఒకటే దిగులు. "నాను సచ్చిపోతే నువ్వే పాట పాడి, పార్దన సేసి మట్టెయ్యాల బాబూ. నువ్వు నేకపోతే నన్నెవులు సూస్తారు?" అనేది. అలాగేనమ్మా అని మాటిచ్చాను.

మాటైతే ఇచ్చాను గానీ క్రిస్మస్ దగ్గర పడేసరికి నావల్ల కాలేదు. పక్క ఊళ్ళో కొన్నాళ్ళు ఉండి, శనివారం చీకటి పడ్డాక గదికి వచ్చాను. ఇక వెళ్ళిపోదామని అప్పుడే అనుకున్నాను. పొద్దున సంతకు దిగే జీపు ఎక్కితే మళ్ళీ ఆ కొండ ముఖం చూసేది లేదు. దానమ్మకు కూడా చెప్పదలుచుకోలేదు.

ఆదివారం బ్యాగు తగిలించుకుని గుడికి తాళం వేయబోతుంటే, మంచులోంచి దానమ్మ వచ్చింది. బూడిదరంగు దుప్పటి తలమీదుగా కప్పుకుంది. పలకరిస్తే పలకలేదు. చెవుడు కదా అనుకున్నాను. నన్ను దాటి లోపలికి వెళ్ళి, గోడ పక్కన ఆడవాళ్ళ చాప మీద కూర్చుంది. నాకు చిరాకేసింది. అయినా ముసలావిణ్ణి పొమ్మనలేక బ్యాగు దించాను.

పాట పాడాను, వాక్యం చెప్పాను. ఆమె మామూలుగానే కునికింది. జీపు హారన్ కొట్టి వెళ్ళిపోవడం వినిపించింది. కానుకల ప్రార్థనకు కళ్ళు మూసుకున్నప్పుడు పళ్ళెంలో బియ్యం పడిన చప్పుడయింది. కళ్ళు తెరిస్తే ఆమె లేదు. పళ్ళెంలో గుప్పెడు బియ్యం ఉన్నాయి.

బయటికొచ్చి, దానమ్మ ఇటు వెళ్ళిందా అని ఆమె పక్కింటి ఎర్రయ్యను అడిగాను. అతను నన్ను వింతగా చూశాడు.

"ఏటి బాబూ, నీకింకా తెలీదేటి? ముసిల్దాన్ని గురువారమే సాలూరు ఆస్పత్రికి అట్టుకెల్లారు. రాత్రి సచ్చిపోనాది. ఇప్పుడే పోనొచ్చింది."

మధ్యాహ్నానికి, వేరే ఊళ్ళో ఉండే ఆమె కూతురు శవాన్ని తెచ్చింది. దానమ్మ కోరినట్టే పాట పాడి, ప్రార్థన చేసి సమాధి చేశాను. తిరిగి వస్తుంటే కూతురు అంది, "ఆకర్న కూడా నీ మాటే బాబూ. నన్నొగ్గెయ్యే, ఆదోరం గుడికెల్లాల, బాబొక్కడే ఉంటాడు అని ఒకటే గోల."

ఊళ్ళో బియ్యం తెచ్చే విశ్వాసి మరొకరు లేరు. అలసటలో కలగన్నానేమో అనుకుందామంటే, ఆ బియ్యాన్ని చేత్తో ముట్టుకున్నాను. ఎంత ఆలోచించినా ఇప్పటికీ తేలలేదు.

నేను వెళ్ళిపోలేదు. ఎండలు ముదిరి కోతలకెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేదాకా ప్రతి ఆదివారం ఆ ఖాళీ గుడిలో ఆరాధన జరిపాను. సువార్తికుడు అనకూడని మాటే అయినా అంటున్నాను. ఆమె మళ్ళీ వస్తే బాగుండునని తలుపు వైపే చూస్తూ ఉండేవాణ్ణి. రాలేదు.