కడసాలులో ఐదు మామిడి మొక్కలు

ఇన్నేళ్లూ ఈ సంగతి మోస్తూనే ఉన్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

పంతొమ్మిది వందల యాభైల చివర్లో పెనుకొండ దగ్గర ఒక మామిడి తోటలో రైటరుగా ఉండేవాణ్ని. యజమాని కాపురం హిందూపురంలో. నెలకోసారి వచ్చి బుక్కు చూసేవాడు. ఏ సాలులో, అంటే ఏ వరసలో, ఏ మొక్క నాటాం, ఏది బతికింది, ఏది ఎండింది, అవన్నీ రాయడమే నా పని. నాటేదీ, నీళ్లు మోసేదీ ఓబుళమ్మ. భర్త పోయిన మనిషి. అక్షరం రాదు.

ఒక ఎండాకాలం ఆమె నా కొట్టం దగ్గరికి వచ్చింది.

"అప్పా, కడసాలులో ఐదు అంటుమొక్కలు ఎండిపోయినాయి. గుంతలు ఖాళీగా ఎందుకని టెంకల మొక్కలు పెట్టినా. బుక్కులో రాసుకో."

"అట్లే అక్కా, రాస్తా."

రాయలేదు. అంతకు ముందు రోజే, తోటలోకి అడుగు పెట్టకుండానే, ఆ సాలులో అంట్లన్నీ బతికాయని రాసి పెట్టాను. దిద్దితే నేను చూడకుండా రాసినట్టు యజమానికి తెలిసిపోతుంది. భయమా అది? బద్ధకమా? ఎన్నిసార్లు అడిగి చూసుకున్నా, రెండింట్లో ఏది ఒప్పుకుంటే నేను కాస్త మంచివాణ్నవుతానా అనే వెతుక్కుంటున్నాను.

ఏడేళ్లకు ఆ చెట్లు కాశాయి. అంతా పీచు, పులుపు. మంచి అంట్లు అమ్ముకొని టెంకల మొక్కలు పెట్టావని యజమాని ఓబుళమ్మను నిలదీశాడు. ఆమె బెదరలేదు.

"ఆ పొద్దే చెప్పినా సామీ. ఈయప్ప రాసుకున్యాడు. బుక్కు తీసి సూడు."

యజమాని బుక్కు చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"చెప్పిందా?"

"లేదు సామీ."

ఆమె నన్ను తిట్టలేదు. ఆ సాయంత్రమే తోటలోని గుడిసె ఖాళీ చేసింది. దొంగ అన్న పేరు చుట్టుపక్కల తోటలన్నిటికీ పాకింది. ఎవరూ పనికి పిలవలేదు.

రెండేళ్ల తర్వాత చెల్లెలి పెళ్లికి చీర కొనడానికి ధర్మవరం పోయాను. నేతగాళ్ల ఇంట్లో ఆమె పట్టుదారం చుడుతోంది. నన్ను గుర్తుపట్టింది.

"తోటకు నీళ్లు చాల్తాండాయా అప్పా?" అంది.

చాలుతున్నాయన్నాను. చీర తీసుకొని బయటపడ్డాను. కొంతకాలానికి, తప్పు ఒప్పుకుందామని మనసు గట్టి చేసుకొని మళ్లీ పోతే, ఆమె అక్కడ లేదు. ఎక్కడికి పోయిందో వాళ్లకూ తెలియదు.

ఓబుళమ్మ దొంగ కాదు. అబద్ధమాడింది నేను. ఇలా రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది. ఆ ఊపిరి కూడా నాకే దక్కింది, ఆమెకు కాదు.