పొయ్యి ముట్టించని కోవా

బాన్సువాడ చుట్టుపక్కల పెళ్లికి కోవా కావాలంటే చాలామంది శ్రీలత ఇంటికే వచ్చేవారు. రెండు బర్రెల పాలు, ఒక ఇనుప మూకుడు, గంటల తరబడి కలిపే ఓపిక, ఇదే ఆమె పని. మొదటి ముద్ద ఎప్పుడూ భర్త పండరిదే. కాలువ కింద మూడెకరాల వరి చేసే ఆ మనిషికి తీపి లేనిదే అన్నం తిన్నట్టుండేది కాదు.

కిందటి ఎండాకాలం పండరి ఒక్కడే నిజామాబాద్ వెళ్లి పరీక్షలు చేయించుకుని వచ్చాడు. ఏమన్నారని శ్రీలత అడిగితే, ఒళ్లు పెరిగిందన్నారు, అంతే అని చెప్పాడు. రెండు రోజులకు, ఫోన్లో చూసిన డిటాక్స్, అంటే ఒళ్లు శుద్ధి చేసే పథ్యం, మొదలుపెడతానన్నాడు. నలభై రోజులు పాలు ముట్టడు, పొయ్యి మీద వండింది తినడు. శ్రీలత నవ్వింది. వారం తిరక్కుండానే ఆ నవ్వు పోయింది. ఆమె కోవా కలుపుతుంటే అతను గోడవైపు తిరిగి కూర్చుని దోసకాయ ముక్కలు నమిలేవాడు.

అది చూడలేక తనూ అదే తిండికి దిగింది. ఆర్డర్లు వద్దంది. పొయ్యి లేకుండానే కోవా చేద్దామని ఖర్జూరాలు, జీడిపప్పు నానబెట్టి రుబ్బి, పచ్చికొబ్బరి కోరు, ఏలకుల పొడి కలిపింది. మొదటిసారి జిగురైంది. రెండోసారి కొబ్బరి నీరు వదిలి ముద్ద జారిపోయింది. మూడోసారి కోరు గట్టిగా పిండి, అరటిపండు కలిపి, ఫ్రిజ్‌లో పెట్టి బిళ్లలు కోసింది. పండరి ఒకటి నోట్లో వేసుకుని, వెంటనే ఇంకోటి అందుకున్నాడు.

"గిది కోవా కాదంటే ఎవ్వలు నమ్మరు," అన్నాడు.

ఇక రోజూ అదే. ఖర్జూరం గింజలు అతనే తీసేవాడు. పదహారేళ్ల కాపురంలో వంటింట్లో అతను అంతసేపు కూర్చోవడం ఆమె చూడలేదు. ఒకే పళ్లెంలో తినేవారు. రోజుకు ఆరు బిళ్లలు తిన్నా ఆమె వద్దనలేదు.

ముప్పై రెండో రోజు పొద్దున పొలానికి నీళ్లు పెట్టి వచ్చి, కాళ్లు బరువుగా ఉన్నాయన్నాడు. ఎండదెబ్బ అనుకుంది శ్రీలత. కొబ్బరినీళ్లు తాగించి, రెండు బిళ్లలు చేతిలో పెట్టింది. తిన్నాడు. గంట గడవకముందే వాకిట్లో కూలిపోయాడు. ఆటో దవాఖానకు చేరేసరికి ప్రాణం లేదు.

పదకొండో రోజు అయ్యాక అత్త పోసవ్వ, కొడుకు పెట్టెలో బట్టల కింద దొరికిన కాగితాలు తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. అన్నీ ఇంగ్లీషు. శ్రీలత వాటిని దవాఖానకు తీసుకెళ్లింది. డాక్టరు చదివి, కిడ్నీలు చాలావరకు దెబ్బతిన్నాయని, డయాలసిస్‌కు సిద్ధంగా ఉండమని రాశారన్నాడు. ఏం తినేవాడని అడిగాడు. ఆమె చెప్పింది. అతను నిదానంగా వివరించాడు. ఖర్జూరం, అరటి, కొబ్బరిలో ఉండే పొటాషియాన్ని అలాంటి కిడ్నీలు బయటకు పంపలేవు, అది రక్తంలో పేరుకుంటే గుండె ఆగిపోవచ్చు. తినకూడనివాటి పట్టీ చివరి కాగితంలోనే ఉంది. మీకు తెలియదు కదమ్మా అన్నాడు.

ఇంటికొచ్చి అత్త ముందు కూలబడింది.

"ఆకరికి గూడ నా చేతులతోనే పెట్టిన, అత్తా."

"వాళ్ల నాయిన గా రక్తం కడిగే మిషన్ మీదనే పోయిండు బిడ్డా. గా బుగులుకే వీడు దాచిండు," అంది పోసవ్వ. "నువ్వు అడిగినవు. వాడు చెప్పలే."

ఆ మాట శ్రీలతకు ఊరట కాలేదు. ఒకసారి అడిగి ఊరుకున్నాను కదా అనే అనుకుంది. ఫ్రిజ్‌లో మిగిలిన బిళ్లలు తినలేదు, చాలా రోజులు పారేయనూ లేదు.

వానలు పడ్డాక పక్క గల్లీ విజయశ్రీ వచ్చింది. ఆమె భర్త కూడా పాలు మానేస్తాడట. ఆ పచ్చి కోవా ఎట్లా చేస్తారో చెప్పమని మొహమాటపడుతూ అడిగింది. శ్రీలత నానబెట్టడం దగ్గర్నుంచి అంతా చెప్పింది.

"గని ముందుగాల ఆయన రిపోర్టులు చూడు, అక్కా," అంది. "చూపియ్యకుంటే కొట్లాడు. కోపం చేసినా ఇడువకు."

విజయశ్రీ ఆమె చెయ్యి పట్టుకుంది. అప్పుడు ఏడ్చింది శ్రీలత, పండరి పోయిన తర్వాత మొదటిసారి, పరాయి మనిషి ముందు.