నాన్న జేబులు

ఆవిడ పనల్లా మెదడు కణాల్లోని చెత్త గురించే. పాడైన ప్రొటీన్లను కణం తనే ముక్కలు చేసి వదిలించుకోవాలి. ఆ పని మందగిస్తే అవి ముద్దలు కట్టి, మనిషికి మతిమరుపు ముదురుతుంది. ఆ పనిని మళ్లీ చురుకెక్కించే మందు కోసం ల్యాబులో మైక్రోస్కోపు మీద వంగి వంగి ఆవిడ మెడ పట్టేసింది. మాట్లాడుతున్నా మెడ రుద్దుకుంటూనే ఉంటుంది. ఇంట్లో నాన్నకు అదే జబ్బు. వీధిలో కనిపించిన మూతలూ బొత్తాలూ ఆయన జేబుల్లో కుక్కుకొస్తాడు. రోజూ సాయంత్రం ఆవిడ ఒక్కొక్కటీ చూసి పారేస్తుంది. ఆ రోజు కొత్త మందు ముద్దల్ని కరిగించింది గానీ, పనికొచ్చే ప్రొటీన్లనూ వదల్లేదు. కణాలన్నీ చచ్చాయి. "మంచీ చెడ్డా తెలీనిది మందేంటి, నా తలకాయ" అని గొణుక్కుంటూ ఇంటికొచ్చి, నాన్న జేబుల్లోవన్నీ చూడకుండానే చెత్తబుట్టలో గుమ్మరించింది.

"అందులో నీ క్లిప్పుందమ్మా," అన్నాడాయన. "చిన్నప్పుడు పోయిందని ఏడ్చావుగా. ఇవాళ దొరికింది."

ఆవిడ విసుక్కుంటూనే బుట్ట బోర్లించి వెతికింది. ఎవరి పిల్లదో, ఎర్ర ప్లాస్టిక్ క్లిప్పు, ఒక పన్ను విరిగింది. కడిగి జుట్టుకు పెట్టుకుంది.

"ఇన్నాళ్లకా నాన్నా తెచ్చేది," అని కసిరింది.