బాబా మియా పథ్యం

బాబా మియా ఒకచోట కుదురుగా కూర్చునే మనిషి కాదు. అరవై నాలుగేళ్లొచ్చినా కాలు నిలిచేది కాదు. నల్గొండ జిల్లా హాలియాలో మేకమాంసం కొట్టి అమ్మేవాడు. ఊరి చివర ఓ చిన్న ప్రైవేటు దవాఖానలో నేను నర్సుని, పేరు జానమ్మ. కట్టు కట్టించుకోవడానికి వచ్చినా నిమిషానికోసారి లేచి వాకిట్లోకి చూసొచ్చేవాడు. చిచ్చా, జర కూసో అని అరిచీ అరిచీ నా గొంతు పోయేది.

తొంభై ఒకటి ఎండాకాలంలో కత్తి జారి ఆయన ఎడమచేతి బొటనవేలు తెగింది. పది రోజుల్లో మానాల్సిన పుండు మూడు నెలలైనా మానలేదు. పైగా వారానికోసారి జ్వరం, వదలని పడిశం. చక్కెర జబ్బేమోనని పరీక్ష చేయిస్తే అదీ లేదు. నీళ్లలో తడుపుతున్నాడేమోనని ఆయన్నే తిట్టాను.

కొత్తగా వచ్చిన డాక్టరు వేలు చూసి, పుండు లోపలికి పోతోందని, మూడు వారాల్లో మానకపోతే నల్గొండ పంపి వేలు తీయించాల్సిందేనని చెప్పాడు. బాబా మియా చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆ వేలు లేకపోతే మాంసం ఒత్తిపట్టి కొట్టలేడు. తర్వాత డాక్టరు మేమెవరం అడగని మాట అడిగాడు, ఏం తింటున్నావని.

"జొన్నగట్క, చారు. అంతే సారూ, పథ్యమున్న."

మొదటిరోజు కట్టు కడుతూ, పుండు మానేదాకా మాంసం, గుడ్డు, పప్పు ముట్టొద్దన్నది నేనే. తింటే చీము పడుతుందని మా అమ్మ అనేది, నేనూ అనేశాను. ఊరందరికీ మాంసం అమ్ముతూ మూడు నెలలు ఆయన ముక్క ముట్టలేదు.

డాక్టరు మండిపడ్డాడు. వయసు మీద పడితే తిన్నది అసలే ఒంటికి సరిగా పట్టదట. జింకులాంటి ఖనిజాలు రవ్వంతే కావాలట గానీ, ఆ రవ్వంత కరువైతే పుండూ మానదు, రోగాన్ని తట్టుకునే శక్తీ ఉండదట. ఈ పథ్యం ఎవరు చెప్పారని గద్దించాడు.

బాబా మియా నా వైపు చూడనైనా లేదు. తనకు తానే పెట్టుకున్నానన్నాడు. నేను నోరు విప్పలేదు. సిగ్గులేనిదాన్ని.

ఆ మూడు వారాలు నాకు కాలు నిలవలేదు, కంటికి కునుకు లేదు. పొద్దున డాక్టరు రాసిచ్చిన జింకు బిళ్లలు మింగించేదాన్ని. మధ్యాహ్నం వాళ్లింటికి పోయి, ఆయన భార్య జన్నత్ బీ వడ్డించిన కూరగిన్నెలోకి తొంగి చూసేదాన్ని. తింటున్నాడు, అయినా మానకపోతే?

ఇరవయ్యో రోజున పుండు అంచుల నుంచి లేత చర్మం కమ్ముకొచ్చింది. కోయక్కర్లేదని డాక్టరు అనగానే నాకు ఏడుపు ఆగలేదు. ఆ పథ్యం చెప్పింది నేనేనని డాక్టరుతో అనేశాను.

డాక్టరు ఏదో అనేలోపే బాబా మియా లేచి నిలబడ్డాడు.

"ఎందుకు జెప్పినవ్ జానమ్మా? నా వేలు పోయినా పాయె, నీ నౌకరి పోవద్దని నోరు మూసుకున్న గదా."