పొగ లేదన్న మాట

ఐలా రౌటియో మొదటి గెలుపు అమెరికాలో మా డులూత్‌లోని లూథరన్ చర్చి పొగగొట్టం. నలుగురు మగవాళ్ళు చేతులెత్తేసిన దాన్ని, ఇరవై మూడేళ్ళ వయసులో, సరస్సు గాలిలో తాడుకు వేలాడుతూ పదకొండు రోజుల్లో బాగుచేసింది. ఆ తాడు పైన పట్టుకున్నది నేను. తాపీ పట్టడం నేర్పిందీ నేనే. నా చదువు పల్లెటూరి ఒంటిగది బళ్ళో ఎనిమిదో తరగతి. అయినా ఈ ఊళ్ళో అరవై రెండు పొగగొట్టాలు నా చేతుల మీదుగా లేచాయి. మేమిద్దరం ఉంటున్న నాలుగంతస్తుల భవనానిదీ అందులో ఒకటి. చలి కాచుకునే పొయ్యిలు అంతస్తుకొకటి, గొట్టం మాత్రం ఒకటే. నాది మూడో అంతస్తు, ఐలాది నా పైన నాలుగోది.

మొన్న అక్టోబరులో ఐలా అందులోకి కెమెరా దించింది. రెండో అంతస్తు పైన లోపలి మట్టిగొట్టం పగిలినట్టుందంది.

"మేస్త్రీ, నీ పనికి వంక పెట్టడం లేదు. నలభై ఏళ్ళ మంచుకి ఏదైనా పగులుతుంది."

"నేను కట్టింది పగలదు. ముందు నీ కెమెరా అద్దం తుడుచుకో."

"ఇటుకల బదులు నీ మొండితనం పేర్చుంటే ఇంకో వందేళ్ళుండేది," అని నవ్వింది.

బొమ్మ మసగ్గా ఉంది, పొగ పెట్టి తేల్చమంది భవన సంఘం. కింది పొయ్యిలో పొగ వేసి, పొగ పగుళ్ళలోంచి తన్నుకొచ్చేలా పైకప్పు మీద గొట్టం మూతికి తడిగోనె కప్పి ఐలా అక్కడే నిలబడింది. ఎవరి గోడలోంచైనా పొగొస్తే వాళ్ళు ఫోనులో చెప్పాలి. మూడో అంతస్తులో, నా పొయ్యి పక్కన ఇటుకల సందులోంచి సన్నటి పొగ తీగలా వచ్చింది. చూశాను.

"మేస్త్రీ, ఏమన్నా వస్తోందా?"

"ఏం లేదు."

"సరిగ్గా చూశావా?"

"చూడ్డం నువ్వు నేర్పుతావా నాకు?"

"సరే, నువ్వు లేదంటే లేనట్టే."

మిగతా గోడలన్నీ దిగొచ్చి తనే తడిమి చూసింది. నా గోడ చూడలేదు. పని నేర్పినవాడి మాటను మళ్ళీ తనిఖీ చేయడం మా మేస్త్రీల్లో మర్యాద కాదు. పొయ్యిలు వాడుకోవచ్చని సంతకం పెట్టింది.

మొదటి మంచు పడిన సాయంత్రం మా భవనంలో అందరం పొయ్యిలు వెలిగిస్తాం. ఈసారీ వెలిగించాం. ఐలా జ్వరంతో, వినబడ్డానికి పెట్టుకునే చెవిమిషను తీసేసి పడుకుంది. గోడలో దూరిన విషవాయువు పైన ఆమె పడకగదికి చేరింది. అక్కడి అలారం మోత మాకు వినబడి తలుపు పగలగొట్టాం.

ప్రాణం దక్కింది. ఆ విషవాయువుకి నరాలు దెబ్బతిని కుడిచేతికి తాపీ నిలవదు. లైసెన్సు పోయింది. తప్పంతా ఆ సంతకానిదేనని సంఘం తీర్మానించింది. పెద్దమనిషినని నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. నోరు విప్పలేదు.

ఆసుపత్రికి వెళ్తే, "గోనె సరిగ్గా తడపలేదేమో నేను, మేస్త్రీ," అంది. అప్పుడూ కాదనలేదు.

నిన్న గోడ విప్పాను. పగులులో నా అరచెయ్యి పట్టింది. "పొగ వచ్చింది, నేను చూశాను" అని రాసి సంఘానికిచ్చాను. గోడ మాత్రం మూయలేదు, ఆమె చూడాలి. ఐలా ఇంటికొచ్చేది ఫిబ్రవరి పంతొమ్మిదిన.